రెండు వందల పన్నెండు తాతకాయలు

టెక్సాస్‌లో ఇర్వింగ్ నుంచి మిషిగన్‌లో నోవైకి రోడ్డు మీద వెళ్ళాలని మీకెప్పుడైనా అనిపిస్తే కాసేపు పడుకోండి, అదే పోతుంది. విమానంలో మూడు గంటలు. కారులో రెండు రోజులు. మేం ఆరు రోజులు తీసుకున్నాం. అందులో మూడు రోజులు ఒక ఇంటి ముందు కుర్చీ వేసుకుని విత్తనాలకి కాపలా కాశాం. వెళ్ళినవాళ్ళం కాబట్టి చెబుతున్నాను, మీరు వెళ్ళకపోయినా నష్టం లేదు.

ఇర్వింగ్: జవాబు వచ్చిన ప్రార్థన

మా తెలుగు చర్చి ఒక షాపుల వరసలో ఉంటుంది. కుడి పక్క ఇండియన్ కిరాణా, ఎడమ పక్క కనుబొమలు తీర్చే షాపు. పాస్టరుగారు నరకం గురించి చెబుతున్నంతసేపూ కుడి గోడలోంచి సమోసాల వాసన వస్తూ ఉంటుంది.

ఆ షాపుల వెనక ఒక బర్ ఓక్ చెట్టు ఉండేది. ఎవరూ తెచ్చి నాటింది కాదు, ఈ నేలదే. హైవే రాకముందు నుంచీ, షాపులు రాకముందు నుంచీ, వీసాలు రాకముందు నుంచీ అక్కడే ఉంది. దాని కాయ మన నిమ్మకాయంత ఉంటుంది. పైన ఉన్ని పోగులు వేలాడే టోపీ ఒకటి. చలికాలం మంకీ క్యాప్ పెట్టుకుని వాకింగ్‌కి బయలుదేరిన తాతలా ఉంటుంది చూడ్డానికి. అందుకే మేరీ ఆంటీ వాటిని తాతకాయలనేది. చర్చిలో అందరికీ ఆ పేరే అలవాటైపోయింది.

మేరీ ఆంటీ ఆశీర్వాదం అంకుల్ భార్య. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ చెట్టు కింద మడత బల్లలు వేయించి అందరికీ భోజనాలు పెట్టేది. రెండేళ్ళ క్రితం చనిపోయింది. ఆ తర్వాత భోజనాలు ఏసీ ఉందని హాల్లోకి మారాయి. అంకుల్ మాత్రం పేపర్ ప్లేటు పట్టుకుని చెట్టు కిందికే వెళ్ళేవాడు. నలభై డిగ్రీల ఎండలో కూడా. ఎవరైనా పిలిస్తే, "లోపల సాంబారు చల్లారిపోతోందమ్మా," అనేవాడు.

మా సంఘం మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం పార్కింగ్ కోసం ప్రార్థన చేసింది. మొన్న సెప్టెంబరు చివర్లో జవాబు వచ్చింది. షాపుల ఓనరు ఆ చెట్టు కొట్టించి ఆరు కార్లకి చోటు చేశాడు.

ఆ శుక్రవారం కృతజ్ఞతలు చెప్పాలో, ఊరుకోవాలో పాస్టరుగారికి తేలలేదు. రెండు పాటలు ఎక్కువ పాడించి ఇంటికి పంపేశారు.

కొమ్మలు ట్రక్కుకి ఎక్కేలోపు అంకుల్ ఖాళీ బియ్యం సంచీతో వెళ్ళి పండిన కాయలన్నీ ఏరుకొచ్చాడు. రెండు వందల పన్నెండు. కూతురు గ్రేస్ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటుంది. నోవై దగ్గర వాళ్ళ చర్చికి మూడెకరాల స్థలం ఉంది. అక్కడ ఈ దేశపు ఓక్ చెట్లు పెంచి పిట్టలకీ పురుగులకీ చోటు చేయాలని కుర్రకారంతా మొదలుపెట్టారు. ఈ కాయలు అక్కడ నాటాలని అంకుల్ నిర్ణయం. ఆంటీ చెట్టుకి పిల్లలుండాలి, అవి కూతురి దగ్గర పెరగాలి.

నాకు నోవైలో క్లయింట్ ఆఫీసులో పది రోజుల పని పడింది. ఆ కబురు ఎలాగో అంకుల్‌కి చేరింది.

"కారులో పోదాంరా సన్నీ. నేనూ వస్తాను."

"ఫ్లైట్ కంపెనీ బుక్ చేస్తుంది అంకుల్. మీరూ టికెట్ తీసుకోండి."

"సెక్యూరిటీలో ఇవి పారేస్తే?"

"ఓక్ కాయలు వాళ్ళేం చేసుకుంటారు అంకుల్?"

"మా అత్తగారి గోంగూర పచ్చడి ఏం చేసుకున్నార్రా? పారేశారుగా."

ఫ్లైట్ వద్దని కంపెనీకి మెయిల్ పెట్టాను. అంకుల్ లాస్ కొలీనాస్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తాడు. వాదనలో ఆయన మీద గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

టెక్సార్కానా దాటాక: ఒక పరుపు

బయలుదేరిన మొదటి రోజు. వెనక సీటులో బియ్యం సంచీ, దానికి సీట్ బెల్ట్. కింద మ్యాట్ మీద కూలర్ పెట్టె, అందులో ఐసు, మజ్జిగ, పులిహోర. ఆ కూలర్ నాది. అడుగున ఉండే బిరడా వదులైపోయి ఐసు నీళ్ళు కారుతూ ఉంటుంది. బాగు చేయించాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. ప్రార్థన మాత్రం చేయలేదు.

అర్కాన్సాలోకి అడుగుపెట్టిన పావుగంటకి ముందు వెళ్తున్న పికప్ ట్రక్కులోంచి ఒక డబుల్ కాట్ పరుపు లేచి, గాల్లో ఒక మొగ్గ వేసి, నా దారిలో పడుకుంది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది. మేం బతికాం. సీట్ బెల్ట్ కూడా సంచీని పట్టుకునే ఉంది, కానీ సంచీ మూతికి కట్టిన తాడు పట్టుకోలేదు. తాతలందరూ కారంతా పరుగులు పెట్టారు. కూలర్ బోర్లా పడింది.

"దెబ్బలు తగిలాయా?" అన్నాడు అంకుల్ వెనక్కి తిరిగి. ఆ ప్రశ్న నన్ను కాదు.

తర్వాతి గ్యాస్ స్టేషన్‌లో ఆగి కాయలన్నీ ఏరి, కాంక్రీటు మీద పదేసి చొప్పున కుప్పలు పెట్టాం. రెండు వందల ఐదు. అంకుల్ మళ్ళీ లెక్కపెట్టాడు. రెండు వందల ఐదే.

"ఏడు పోయాయిరా."

"ఏడేగా అంకుల్."

"ఏడేనా?" అన్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని సీట్ల కింద ఫోను లైటు వేసి మళ్ళీ వెతికాను. ఒక పెన్ను, రెండు ఫ్రెంచ్ ఫ్రైస్, చాన్నాళ్ళుగా కనిపించని ఆఫీసు బ్యాడ్జి దొరికాయి. తాతలు దొరకలేదు.

అక్కడ గడ్డం పెద్దాయన ఒకడు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతున్నాడు. అవును, తొక్కతో, ఉప్పేసి, మన బస్టాండులో లాగానే. అది చూసి అంకుల్ మొహం కొంచెం తేరుకుంది. కప్పు ఆరు డాలర్లు. అంకుల్ రూపాయల్లోకి మార్చలేదు. పాతికేళ్ళుగా ఇక్కడున్న మనిషి, అలాంటి పనులు బయటికి కనపడకుండా చేసుకుంటాడు.

పెద్దాయన మా కుప్పలకేసి చూసి, "బర్ ఓక్. జింకలు పడి చస్తాయి వాటి కోసం. వేటకా?" అన్నాడు.

"కాదు. మా ఆవిడ చెట్టువి. చెట్టూ లేదు, ఆవిడా లేదు," అన్నాడు అంకుల్ ఇంగ్లీషులో, వాతావరణం గురించి చెబుతున్నట్టు.

పెద్దాయన టోపీ తీశాడు. ఇంకో కప్పు నింపి ఊరికే ఇచ్చాడు. మనసున్న మనిషి. రెండో కప్పులో ఉప్పు మరీ ఎక్కువైంది.

ఆ సాయంత్రం లిటిల్ రాక్‌లో బస. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి సంచీ చూసి, "పెట్ ఉందా సర్?" అని అడిగింది. "రెండు వందల ఐదు," అన్నాను. ఆమె నవ్వలేదు. పెంపుడు జంతువుల ఫారం ఇచ్చింది.

ఇండియానాపోలిస్: మూడు రోజుల కాపలా

రెండో రోజంతా జొన్నరంగు మొక్కజొన్న చేలు. ఇల్లినాయ్ అనే రాష్ట్రం పొడుగు గురించి నాకు ముందే ఎవరూ చెప్పలేదు. చీకటి పడేవేళకి సువార్త ఆంటీ ఇంటికి చేరాం. మేరీ ఆంటీకి తెనాలి కాలేజీ రోజుల నుంచీ స్నేహితురాలు. ఇక్కడ ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. ఒక్క రాత్రి ఉండి పోదామన్నది మా పథకం. ఆంటీ చేపల పులుసు పెట్టింది. పథకం అక్కడితో అయిపోయింది.

భోజనాలయ్యాక ఆంటీ సంచీలో చెయ్యి పెట్టి చూసింది.

"అన్నయ్యా, ఇదేంటి, ఇంత తడిగా ఉన్నాయి? ఇలా మూతి కట్టి పెడితే బూజు పట్టిపోవూ?"

"నేనూ అదే అనుకుంటున్నానమ్మా."

"విత్తనమంటే ఎండాలి. మా నాన్న మినుములు ఎన్ని ఎండలు పెట్టేవాడు? పంటి కింద వేస్తే కట్‌మనాలి."

"మా ఇంట్లో వడ్లూ అంతేగా. ఎండనిది గాదెలోకి రానిచ్చేవాళ్ళే కాదు."

ఇద్దరూ వ్యవసాయ కుటుంబాల్లోంచి వచ్చినవాళ్ళు. నాకూ సబబుగానే తోచింది. విత్తనాలతో నా పరిచయం పాప్‌కార్న్ దాకానే.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు డ్రైవ్‌వే మీద ఆంటీ పాత దుప్పట్లు రెండు పరిచింది. రెండు వందల ఐదు తాతలూ టోపీలు తీసేసి ఎండలో పడుకున్నారు. అరగంటలో ఉడతలు వచ్చాయి. ముందు ఒకటి, తర్వాత దాని బంధుబలగం. నీలిరంగు జే పిట్టలు రెండు చెట్టు మీంచి అరుస్తూ వాటికి దారి చెబుతున్నాయి.

అంకుల్ గ్యారేజీలోంచి మడత కుర్చీ, బ్యాడ్మింటన్ బ్యాటు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులు అది మా ఉద్యోగం. పొద్దున ఆయన, మధ్యాహ్నం నేను, ఒళ్ళో లాప్‌టాప్‌తో. ఒక మీటింగులో నేను మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, "హేయ్, పో, పో," అని బ్యాటు ఊపాను. క్లయింటు మేనేజరు, "డెడ్‌లైన్ ఒక వారం పెంచుదాం," అన్నాడు. ఆయన అపార్థాన్ని నేను సరిదిద్దలేదు.

రెండో రోజు పక్కింటాయన కుక్కతో వచ్చి నిలబడ్డాడు.

"ఇవి అమ్ముతున్నారా?"

"లేదు. ఎండబెడుతున్నాం."

"ఎందుకు?"

"నాటడానికి."

ఆయన తన ఇంటి వెనక ఉన్న ఓక్ చెట్టుని చూశాడు, దుప్పట్లని చూశాడు, బ్యాటుని చూశాడు. ఏదో చెప్పబోయి, కుక్కని లాక్కుని వెళ్ళిపోయాడు. ఆ మనిషి చెప్పబోయింది చెప్పి ఉంటే ఈ కథనం ఇంకోలా ఉండేది. ఎదుటివాళ్ళ పనిలో తలదూర్చకపోవడం ఇక్కడి మర్యాద. మన వీధిలో అయితే పది మంది ఆగి పదకొండు సలహాలు ఇచ్చేవాళ్ళు. వాటిలో ఒకటైనా సరైనది అయ్యుండేది.

మూడో రోజు మబ్బు పట్టింది. ఆంటీ డ్యూటీకి వెళ్తూ వెళ్తూ కాయల్ని నాలుగు ట్రేలలో సర్ది ఓవెన్‌లో పెట్టింది. "సన్న సెగ మీదే ఉంది నాన్నా, గంటకోసారి కలుపు," అని నాకు అప్పజెప్పింది. నేను చాలా శ్రద్ధగా కలిపాను. జీవితంలో చెప్పింది చెప్పినట్టు చేసిన పనులు నావి తక్కువ. వాటిలో ఇదొకటి.

సాయంత్రం అంకుల్ ఒక కాయ తీసి పంటి కింద వేశాడు. కట్‌మంది. ముగ్గురం ఎంతో సంతోషించాం.

నోవై: బకెట్

ఆరో రోజు ఆదివారం. మధ్యాహ్నానికి గ్రేస్ వాళ్ళ చర్చి స్థలానికి చేరాం. మిషిగన్‌లో ఆకులు రంగు మారే రోజులు. గ్రేస్ పరుగెత్తుకుంటూ వచ్చి సంచీ అందుకుంది. అందుకున్న చెయ్యి ఆగింది.

"డాడీ, ఏంటి ఇంత లైట్‌గా ఉంది?"

"బాగా ఎండాయమ్మా," అన్నాడు అంకుల్ గర్వంగా.

గ్రేస్ ఇక్కడే పుట్టింది. అమ్మ మాట్లాడినంత తెలుగు రాదు, కానీ అమ్మ మొహమే. ఆ మొహంలో ఏదో మారింది. పక్కనున్న డెబ్రాని పిలిచింది. డెబ్రా బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ, వీళ్ళకి చెట్ల పని నేర్పుతోంది. ఆవిడ ఒక బకెట్‌లో నీళ్ళు పోసి, ఒక కాయ వేసింది. మంచి కాయ మునగాలి. ఇది తేలింది. ఇంకోటి వేసింది. తేలింది. గుప్పెడు వేసింది. అన్నీ స్విమ్మింగ్ పూల్లో తాతల్లా హాయిగా తేలాయి.

ఇరవయ్యో కాయ దగ్గర నేను లెక్కపెట్టడం మానేశాను. అంకుల్ మానలేదు. చివరి కాయా తేలేదాకా అక్కడే వంగి నిలబడ్డాడు.

"ఎలా దాచారు?" అని అడిగింది డెబ్రా.

అంకుల్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎండ దగ్గర ఆవిడ తలాడించింది. ఓవెన్ దగ్గర కళ్ళు మూసుకుంది.

తర్వాత చాలా నెమ్మదిగా చెప్పింది. ఇది ధాన్యం లాంటి విత్తనం కాదు. తడిగా రాలుతుంది, తడిలోనే బతుకుతుంది. ఆరిందంటే చచ్చినట్టే, మళ్ళీ నానబెట్టినా లేవదు.

"ఉడతలు రాలేదా?"

"రానిస్తానా? మూడు రోజులు బ్యాటు పట్టుకుని కూర్చున్నాను."

డెబ్రా ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆశీర్వాదం, ఉడత వాటిని ఎత్తుకెళ్ళి తడిమట్టిలో పాతిపెడుతుంది. సగం ఎక్కడ పెట్టిందో మర్చిపోతుంది. ఈ దేశంలో ఓక్ చెట్లు అలాగే పెరిగాయి."

మేం మూడు రోజులు కష్టపడి ఆపింది ఆ పనిని.

ఆయన్ని ఊరడించడానికో ఏమో, ఆవిడ స్థలం చివరకి నడిపించి ఒక చెట్టు చూపించింది. అదీ బర్ ఓక్. కింద కాయలు చాప పరిచినట్టు రాలి ఉన్నాయి. ఒక్కోటి మనవాటిలో సగం కూడా లేదు, మనవళ్ళ సైజు. మేం పన్నెండు వందల మైళ్ళు మోసుకొచ్చిన జాతి కాయలే అక్కడ కాలు పెడితే జారేటన్ని ఉన్నాయి. పైగా, టెక్సాస్ కాయ బతికున్నా ఇక్కడ ఇబ్బందే పడేదట. దాని గడియారం వేరు. అక్కడి అలవాటున చిగురేస్తే ఇక్కడి మంచుకి మాడిపోతుంది. గొంగళిపురుగులు ఇక్కడి చెట్టు చిగురేసే వేళకే గుడ్లలోంచి వస్తాయి, పిట్టలు ఆ పురుగుల్నే పిల్లలకి పెడతాయి. ఏ ఊరి చెట్టు ఆ ఊరి పిట్టలకి అన్నం పెడుతుంది.

"అన్నం పెడుతుంది," అన్నాడు అంకుల్ తనలో తాను. తర్వాత ఒక కొమ్మ వంచి చూశాడు. ఆకులన్నీ జల్లెళ్ళు. "మందు కొట్టరా?"

"కన్నాల్లేని ఆకుంటే నాకు దిగులు," అంది డెబ్రా. "ఎవరూ భోజనానికి రాలేదన్నమాట."

ఇంటికి వెళ్ళేటప్పుడు కాయలు మళ్ళీ సంచీలో పోసి మూతి కట్టాడు. "పారేద్దామా డాడీ?" అంది గ్రేస్ మెల్లగా. "ఉండనీ," అన్నాడు. ఆ పిల్ల ఒకటి తీసి జేబులో వేసుకుంది. నాకు ఆ ఇరవై మైళ్ళు జోకు తోచలేదు. రికార్డు కోసం చెబుతున్నాను.

రోడ్డు మీద ఉండగానే సువార్త ఆంటీ ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాను.

"నాటేశారా అన్నయ్యా?"

కారులో ఎవరం ఎవరి మొహం చూసుకోలేదు.

"నాటేశామమ్మా. అన్నీ."

"మొలిచాక ఫొటో పంపండి. మేరీ చూసుంటే ఎంత సంబరపడేదో."

ఫోన్ పెట్టేశాక అంకుల్ నా వైపు తిరిగాడు. "ఒరేయ్ సన్నీ, ఆ ఏడూ ఎక్కడ పోయుంటాయంటావు?"

"ఆ గ్యాస్ స్టేషన్ దగ్గరే అంకుల్. జింకలు తినేసుంటాయి."

"పోన్లే. వాటికైనా తడిగా దొరికాయి."

తిరుగు దారి: వాసన

అంకుల్ క్రిస్మస్ దాకా కూతురి దగ్గరే ఉండిపోయాడు. పొద్దున ఇంటి నుంచే బ్యాంకు తప్పులు వెతకడం, సాయంత్రం డెబ్రా వెనకాల మిషిగన్ మనవళ్ళని నాటడం. నేను పది రోజుల పని ముగించుకుని ఒంటరిగా, కూలర్ నిండా ఐసుతో, రెండు రోజుల్లో తిరిగొచ్చేశాను. సువార్త ఆంటీ ఊరు బైపాస్‌లో దాటేశాను. ఆవిడ కళ్ళలోకి చూస్తూ చేపల పులుసు తినే ధైర్యం లేదు.

దారిలో ఒకటే విశేషం. కారులో తడిసిన కుక్క వాసన. నాకు కుక్క లేదు. దాల్చినచెక్క వాసన బిళ్ళ ఒకటి నాలుగు డాలర్లకి కొని వేలాడదీశాను. అప్పట్నుంచి తడిసిన కుక్క బిర్యానీ వండుతున్నట్టు ఉంది.

మళ్ళీ ఇర్వింగ్

నవంబరులో నా కారు ఎక్కడం మానేసిన స్నేహితుల సంఖ్య పెరిగాక, కారు కడిగే చోటికి తీసుకెళ్ళాను. అక్కడ పనిచేసే ఆయన వెనక సీటు కింది రబ్బరు మ్యాట్ ఎత్తాడు. కూలర్ ఎప్పుడూ ఉండే చోటు. ఎత్తి నన్ను పిలిచాడు.

"సర్, మీ కారు మొలకెత్తింది."

మ్యాట్ కింద తాతలు. వరసగా ఇరుక్కుని ఏడుగురు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కారిన ఐసు నీళ్ళలో, చీకట్లో, పైన రబ్బరు దుప్పటి కప్పుకుని, రెండువేల నాలుగు వందల మైళ్ళు తిరిగొచ్చారు. ఒక్కొక్కరి నుంచి తెల్లటి వేరు దిగి కారు కార్పెట్లోకి పాకింది. ఇద్దరికి పాలిపోయిన మొలకలు కూడా లేచాయి.

"వాక్యూమ్ పట్టేయనా?" అన్నాడాయన గొట్టం ఎత్తి.

నేను అతని చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, తర్వాత క్షమాపణగా టిప్పు ఎక్కువ ఇవ్వాల్సి వచ్చింది.

వేళ్ళు ఊడిరాలేదు. కత్తెరతో కార్పెట్టే కత్తిరించాను. నా కారులో ఇప్పుడు ఏడు కన్నాలున్నాయి. డెబ్రా చూస్తే సంతోషిస్తుంది. ఏడు లోతైన కుండీలు కొని, తడిమట్టిలో కార్పెట్ ముక్కలతో సహా పెట్టి, ఫొటో తీసి అంకుల్‌కి పంపి ఫోన్ చేశాను.

"అంకుల్, ఆ ఏడుగురూ దొరికారు. బతికే ఉన్నారు. అసలు కారే దిగలేదు."

అటు నుంచి గ్రేస్ గొంతు, "డాడీ, ఏమైంది డాడీ?" అనడం, ఆయన ముక్కు చీదడం వినిపించాయి.

"ఇర్వింగ్‌వేగా," అన్నాడు. "ఇర్వింగ్‌లోనే మొలిచాయి. డెబ్రా చెప్పింది అదే." వెంటనే, "ఆ ఫొటో సువార్తమ్మకి పంపు," అన్నాడు.

పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది. ఫోన్ పట్టుకునే ఉన్న అంకుల్‌కి చదివి వినిపించాను: "చూశారా అన్నయ్యా? అందుకే ఎండబెట్టమన్నాను. మూడో రోజు ఓవెన్‌లో పెట్టకపోయుంటే ఒక్కటీ దక్కేది కాదు."

అంకుల్ నవ్వాడు. సెప్టెంబరు తర్వాత ఆయన నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. చాలాసేపు నవ్వాడు. పాస్టరుగారు షాపుల ఓనరుని ఒక కారు పట్టేంత నేల తిరిగి ఇమ్మని అడుగుతున్నారనీ, శుక్రవారం ప్రార్థనలో పార్కింగ్ అంశం ప్రస్తుతానికి ఆపేశారనీ చెప్పాను. దానికీ నవ్వాడు.

"సరే అంకుల్, ఉంటాను మరి."

"ఒరేయ్ సన్నీ."

"చెప్పండి."

"ఆవిడ ఏం చెప్పినా సరే. ఎండబెట్టకు."